ఒక్క పూట ఖాగాన్

అనగనగనగా ఒక రాజుండేవాడు. ఆ రాజుకి కోట లేదు, కోట చుట్టూ కందకం లేదు, కందకంలో మొసళ్ళు అసలే లేవు. ఇదేం రాజు అని నవ్వకండి. ఊరు ఊరంతా బండ్ల మీద తిరుగుతుంటే కోట ఎక్కడ కట్టుకుంటాడు? గడ్డి ఎక్కడుంటే గుర్రాలక్కడ, గుర్రాలెక్కడుంటే మనుషులక్కడ, మనుషులెక్కడుంటే రాజక్కడ. ఉన్ని గుడారాన్ని ఉన్నపళంగా పెద్ద ఎద్దుల బండి మీదికెక్కించి, లోపల పొయ్యి మీద పాలు పొంగుతుండగానే బయల్దేరేవాళ్ళు. ఆ జాతివాళ్ళు రాజుని ఖాగాన్ అనేవాళ్ళు. ఈ ఖాగాన్ పేరు తొగాన్.

తొగాన్‌కి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు అర్స్లాన్, అంటే సింహం. రెండోవాడు బార్స్, అంటే చిరుతపులి. మూడోవాడు పుట్టేసరికి పెద్ద జంతువుల పేర్లు అయిపోయాయేమో, తాయ్ అని పెట్టారు. తాయ్ అంటే గుర్రప్పిల్ల.

వాళ్ళ ఆచారం ఒకటి ముందే చెప్పాలి. అది తెలియకపోతే ఈ కథే లేదు. కొత్త ఖాగాన్ని నిలబెట్టే రోజున అతన్ని తెల్లటి ఉన్ని కంబళి మీద కూర్చోబెడతారు. నలుగురు పెద్దలు నాలుగు కొసలూ పట్టి పైకెత్తి, పొద్దు తిరిగే వైపుగా తొమ్మిది చుట్లు తిప్పుతారు. కిందికి దించాక మెడకి పట్టుతాడు వేసి బిగిస్తారు. ఊపిరాడక కళ్ళు తేలేసే వేళకి చెవిలో అడుగుతారు, "ఎన్నాళ్ళు ఏలతావు?" అని. అప్పుడు నోట ఎంత వస్తే అంతే. గడువు తీరాక జాతి "మళ్ళీ" అంటే మళ్ళీ కంబళి, మళ్ళీ తాడు. అనకపోతే గుర్రాన్నీ కొరడానీ వదిలేసి, కాళ్ళకున్న జోళ్ళతో దిగిపోవాలి.

ఆ తాడు పట్టే పని సారిగ్ అవ్వది. "ఆ క్షణాన మాట్లాడేది మనిషి కాదు, ప్రాణం. ప్రాణానికి అబద్ధం చేతకాదు" అనేది ఆవిడ. తొగాన్ ప్రాణం ఆనాడు "ఇరవై ఏళ్ళు" అంది. ఇప్పుడు ఇరవయ్యో ఏడు నడుస్తోంది. రెండోసారి తాడు భరించే మెడ తనకి లేదని ఆయనే చెప్పేశాడు.

ఇలా ఉండగా, ఒకనాటి ఉదయం గాలి ఆగిపోయింది.

కాసేపు కాదు, పూర్తిగా. గుడారాల మీది పొగ నిట్టనిలువుగా లేచి, పాతిన స్తంభాల్లా నిలబడిపోయింది. గడ్డి కదల్లేదు. ఒక బాతు ఈక రాలి, నేలకి దిగకుండా మూడు రోజులు గాలిలోనే వేలాడింది. పిల్లలు దాని కింద కూర్చుని ఎప్పుడు పడుతుందా అని చూశారు. మబ్బులు రాలేదు, మబ్బులు రాక వానా రాలేదు. గుర్రాలు ఒకదాని మెడ మీద ఒకటి తల పెట్టుకుని నిద్రలో ఉన్నట్టు నిలబడ్డాయి. ఆడగుర్రాల పాలు ఇంకిపోయాయి.

నాలుగో రోజున ఒక ముసలివాడు నడుచుకుంటూ వచ్చాడు. పేరు కరాకం. ఏడు సముద్రాల అవతల ఉండే మంత్రగాడు.

"మీ గాలి నా తోలు తిత్తిలో ఉంది" అన్నాడు. "తొగాన్ గడువు తీరిన రోజున నన్ను ఖాగాన్ని చెయ్యండి. కంబళి ఎక్కే ముందే గాలిని విప్పుతాను, మాట ఇస్తున్నాను."

మేటి విలుకాడు బాణం వేశాడు. అది పొగలోంచి దూసుకుపోయినట్టు కరాకంలోంచి అవతలికి పోయింది. వాడు వెళ్ళి, బాణం ఏరుకొచ్చి, "ఇది నీది" అని విలుకాడి చేతికే ఇచ్చాడు.

పెద్దలు కూర్చుని ఆలోచించి, చివరికి ఒక మాటకొచ్చారు. తొగాన్ గడువు తీరడానికి ఇంకా మూడు పున్నములుంది. ఈలోగా రాజకుమారుల్లో ఎవరైనా వెళ్ళి గాలిని తెచ్చుకుంటే సరి. లేకపోతే కరాకమే ఖాగాన్. అందరూ మాట ఇచ్చారు. ఆ జాతివాళ్ళు మాట ఇచ్చారంటే రాతి మీద చెక్కినట్టే. మాట తప్పినవాణ్ణి గుర్రం కూడా ఎక్కనివ్వదని వాళ్ళ నమ్మకం.

అర్స్లాన్ వంద గుర్రాలతో వెళ్ళాడు. గుర్రాలు తిరిగొచ్చాయి, అతను రాలేదు. బార్స్ యాభై గుర్రాలతో వెళ్ళాడు. గుర్రాలు తిరిగొచ్చాయి, అతనూ రాలేదు. మొదటి పున్నమి దాటింది.

"నేను వెళ్తాను నాన్నా" అన్నాడు తాయ్.

"నీకివ్వడానికి గుర్రాలు లేవురా, అన్నీ డస్సిపోయాయి."

"ఒకటి చాలు. అది నడవలేకపోతే నేనే దాన్ని నడిపిస్తాను."

"సింహం వెళ్ళింది, చిరుతపులి వెళ్ళింది, ఇక గుర్రప్పిల్లే తక్కువ" అని సారిగ్ అవ్వ గొణుక్కుంటూనే ఎండు జున్ను మూట కట్టి ఇచ్చింది.

సముద్రం అంటే మీకు నీళ్ళు. వాళ్ళకి నీళ్ళ సముద్రం తెలియదు. వాళ్ళ ఏడు సముద్రాలు వేరు. మొదటిది గడ్డి సముద్రం. అది తాయ్ పుట్టిన చోటే కాబట్టి, కళ్ళు మూసుకుని దాటాడు. అవతలి ఒడ్డుకి గుర్రం డస్సిపోతే, దాన్ని ఇంటిదారి పట్టించాడు.

గడ్డి ఒడ్డున బూడిదరంగు ఆడతోడేలు ఒకటి పడుకుని ఉంది. గాలి లేక వాసన అందక, వేట దొరక్క, పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉంది. తాయ్ జున్ను మూట విప్పి, వాళ్ళ పద్ధతి ప్రకారం ముందు ముక్క అతిథికని దానికి పెట్టాడు.

"తోడేలు అతిథి ఏమిటి?" అంది అది.

"నా మూట దగ్గర నువ్వున్నావు. అంటే అతిథివే."

తోడేలు జున్ను తిని, మొహం చిట్లించి, "మాంసం కాదుగాని, మర్యాద బావుంది" అంది. రెల్లు సముద్రం, మంచు సముద్రం ముందు నడిచి దాటించింది. విడిపోయేటప్పుడు, "కరాకం కప్పు ఇస్తాడు. వద్దనకు. తాగకు" అని చెప్పి వెళ్ళిపోయింది.

మంచు ఒడ్డున ఒక ఆడఒంటె బిడ్డని దగ్గరికి రానివ్వకుండా తన్నుతోంది. పిల్ల ఆకలికి ఏడుస్తోంది. ఒంటె బిడ్డని కాదంటే ఏం చెయ్యాలో ఆ జాతి పిల్లలందరికీ తెలుసు. పాట పాడాలి. తాయ్ దాని మెడ మీద చెయ్యి వేసి, మాటల్లేని పాట పొద్దు వాలేదాకా పాడాడు. ఒంటె కళ్ళలోంచి రెండు బొట్లు రాలాయి. పిల్ల వెళ్ళి పొదుగు అందుకుంది.

"నీ గొంతు ఏమంత గొప్పగా లేదు" అంది ఒంటె. "పాడటం మానతావేమోనని చూశాను. నువ్వు మానలేదు. ఎక్కు." ఇసుక సముద్రం, ఉప్పు సముద్రం దాటించింది. ఉప్పు మీద నడుస్తుంటే కిందా ఆకాశమే, పైనా ఆకాశమే. తమ కింద తలకిందులుగా ఇంకో తాయ్, ఇంకో ఒంటె, ఇంకో పిల్ల నడుస్తూ ఉన్నారు. విడిపోయేటప్పుడు, "ముడిని లాగకు" అని చెప్పింది.

ఉప్పు ఒడ్డున ఒక బెగ్గురు పక్షి రెక్కలు చాపుకుని నిలబడి ఉంది. "గాలి లేనిదే ఎగరలేను" అంది. "అయితే నడుద్దాం" అని తాయ్ దాన్ని చంకన పెట్టుకున్నాడు. పక్షికి దారి తెలుసు, తాయ్‌కి కాళ్ళున్నాయి. అది చెప్తుంటే ఇతను నడిచి రాళ్ళ సముద్రం, పొగమంచు సముద్రం దాటాడు. "పిట్టని చంపకు" అని చెప్పి, బెగ్గురు అక్కడే ఆగిపోయింది.

పొగమంచు అవతల ఆపిల్ చెట్ల అడవి. అడవి మధ్య నల్లతోళ్ళు కుట్టిన గుడారం. ముందు రెండు రాతి బొమ్మలు, చేతిలో కప్పు గుండెకి ఆనించుకుని నిలబడి ఉన్నాయి. ఒకటి అర్స్లాన్. ఒకటి బార్స్.

"రా నాయనా, దూరం నుంచి వచ్చావు" అంటూ కరాకం ఎదురొచ్చి, పులిసిన గుర్రప్పాలు కప్పు నిండా పోసి ఇచ్చాడు.

ఇప్పుడర్థమైందా అన్నలేం చేశారో? వాళ్ళ జాతిలో కప్పు ఇస్తే వద్దనడం కంటే తప్పు లేదు. తాగారు, రాళ్ళయ్యారు. కరాకం పట్టింది వాళ్ళ పిరికితనాన్ని కాదు, మర్యాదని.

తాయ్ రెండు చేతులతో కప్పు అందుకున్నాడు. కానీ తాగే ముందు పెద్దలకి చిలకరించడం కూడా మర్యాదే కదా! ఉంగరపు వేలు ముంచి, "ఇది ఆకాశానికి" అని ఒక చుక్క చిలకరించాడు. "ఇది నేలకి. ఇది నిప్పుకి. ఇది మా తాత ఎల్చికి, ఆయన ఎక్కిన మచ్చల గుర్రానికి. ఇది ముత్తాత బుల్గాక్‌కి, ఆయన్ని కిందపడేసిన నల్లగుర్రానికి. ఇది ఆ నల్లగుర్రం తల్లికి..."

"ఇంకా ఉన్నారా?" అన్నాడు కరాకం.

"ఇంకా అమ్మ వైపు మొదలుపెట్టలేదు తాతా."

మధ్యలో ఆపితే తప్పు. కరాకం ఆవలించాడు. పదహారో గుర్రం దగ్గర వాడి తల వాలిపోయింది. ముప్పయ్యో గుర్రం దగ్గర కప్పు ఖాళీ అయింది.

వాకిట్లో కొయ్యకి తోలు తిత్తి వేలాడుతోంది. లోపల గాలి మూలుగుతోంది. మూతికి ఒకటే ముడి, దానికి కొస లేదు. ఒంటె మాట గుర్తున్నా తాయ్ చెయ్యి ఊరుకోక అటే వెళ్ళింది.

"లాగు, లాగు" అందో గొంతు. "ఎంత లాగితే అంత బిగుస్తుంది."

ఒడి నిండా పళ్ళతో ఒక అమ్మాయి నిలబడి ఉంది. పేరు ఆల్మా. వాళ్ళ భాషలో ఆల్మా అంటే ఆపిల్ పండే. చిన్నప్పుడే కరాకం ఎత్తుకొచ్చి, తన చిలకని సాకే పని పెట్టాడు.

"వాడి ప్రాణం ఆ చిలకలో ఉంది" అంది ఆల్మా. "చంపితే వాడు పోతాడు. కానీ వాడు వేసిన ముడి వాడి చేత్తోనే విప్పాలి. వాడు పోతే గాలి లోపలే, మీ అన్నలు రాళ్ళే. ఇంకో మాట. మంత్రగాడి బలమంతా మాటలోనే. ఇచ్చిన మాట ఒక్కసారి తప్పితే, ఆ నోట మళ్ళీ మంత్రం పలకదు. అందుకే వాడు మాట తప్పడు."

"చిలకని నాకివ్వు."

"దాని ఈక ఒక్కటి కూడా రాలనివ్వనని మాట ఇవ్వు. ముద్ద ముద్దగా నమిలి పెట్టి పెంచాను."

తాయ్ మాట ఇచ్చాడు. ఆ చిలక ఎక్కడిదనుకున్నారు? మన వైపుదే. వర్తకుల ఒంటెల మీద మామిడి తోపుల నుంచి అంతదూరం వెళ్ళింది. జంతువులన్నీ సొంతంగా మాట్లాడే ఆ దేశంలో చిలక ఒక్కటే విన్నమాట తప్ప సొంతమాట పలికేది కాదు. కరాకం దానికి ఒకటే నేర్పాడు. "వెయ్యేళ్ళు! వెయ్యేళ్ళు!" అని అరిచేది.

ఆ అరుపు వినగానే తాయ్ అక్కడే కూలబడి ఆలోచించాడు. తాడు బిగిస్తే మాట్లాడేది మనిషి కాదు, ప్రాణం. మరి కరాకం ప్రాణం కరాకం గొంతులో లేదే!

"నవ్వుతున్నావేం?" అంది ఆల్మా.

చెప్పాడు. ఆల్మా కూడా నవ్వింది. పచ్చరంగు ఉన్నితో చిలకబొమ్మ కుట్టి పంజరంలో పెట్టింది. అసలు చిలకని తాయ్ కోటులో దాచి, ఇద్దరూ దారి పట్టారు. కరాకం లేచి, "ఆ కుర్రాడితో పనిపిల్ల పారిపోయింది" అని గొణిగి, పంజరం వైపు ఓరగా చూశాడు. పచ్చగా కనబడింది. చాలనుకున్నాడు.

పొగమంచు సముద్రంలో తాయ్ చిలకతో అన్నాడు, "ఒక పూట."

"వెయ్యేళ్ళు" అంది చిలక.

రాళ్ళ సముద్రంలో అన్నాడు, "ఒక పూట." "వెయ్యేళ్ళు" అంది చిలక. ఉప్పు మీద అన్నాడు, ఇసుకలో అన్నాడు, మంచులో అన్నాడు. బెగ్గురు వింది, ఒంటె వింది, తోడేలు వింది. "మాకొచ్చేసింది, ఇక చాలించు" అన్నాయి. చిలకకి మాత్రం రాలేదు. గింజ పెడుతూ "ఒక పూట", నీళ్ళు పోస్తూ "ఒక పూట". చిలక సంగతేమోగాని, తాయ్ నిద్రలో కూడా "ఒక పూట, ఒక పూట" అని పలవరించేవాడు. గడ్డి సముద్రంలోకి వచ్చేసరికి చిలక అసలు మాట్లాడటమే మానేసింది.

"అది మొండిది" అంది ఆల్మా.

"నేనూ మొండివాణ్ణే. కానీ రేపే పున్నమి" అన్నాడు తాయ్.

మూడో పున్నమి రోజు, మిట్టమధ్యాహ్నం. జాతి అంతా గుమిగూడింది. కరాకం బండి తోలుకుంటూ వచ్చాడు. బండిలో రెండు రాతి బొమ్మలు, తోలు తిత్తి.

"ముందు గాలి" అంది సారిగ్ అవ్వ.

"మాట మాటే" అన్నాడు కరాకం. వెయ్యేళ్ళు ఏలబోయేవాడికి తొందరేముంది? కొస లేని ముడిని రెండు వేళ్ళతో తాకాడు. గాలి బయటికొచ్చింది. ముందు ఒక నిట్టూర్పులా, తర్వాత వెయ్యి గుర్రాల పరుగులా. వేలాడుతున్న పొగలన్నీ చెదిరిపోయాయి. గడ్డి వెండి రంగులో ఆకాశం అంచుదాకా అలలు అలలుగా లేచింది. దూరంగా బెగ్గురుల బారు ఎగురుతూ కనబడింది. తర్వాత, ఏలడానికి మనుషులు కావాలిగాని రాళ్ళెందుకని, కరాకం బొమ్మల చేతుల్లోంచి కప్పులు లాక్కున్నాడు. అర్స్లాన్ తుమ్మాడు. బార్స్ "మెడ, మెడ" అన్నాడు.

ఇక మాట ప్రకారం కరాకం కంబళి మీద కూర్చున్నాడు. నలుగురు ఎత్తారు. తొమ్మిది చుట్లు తిప్పారు. ఎవరూ ఒక్క కేక కూడా వెయ్యలేదు. సారిగ్ అవ్వ పట్టుతాడు వేసి, మూడు పున్నముల కోపమంతా చేతుల్లోకి తెచ్చుకుని బిగించింది.

కరాకం చిరునవ్వుతో కూర్చున్నాడు. వాడికి ఊపిరాడితేనేం, ఆడకపోతేనేం?

కానీ తాయ్ కోటులో చిలక ఒక్కసారిగా బిగుసుకుపోయింది. రెక్కలు టపటపా కొట్టుకుంది. తాయ్ గుండె మీద గోళ్ళు గుచ్చింది.

"ఎన్నాళ్ళు ఏలతావు?" అని అడిగింది అవ్వ.

"వె..." అంది చిలక కోటులోంచి. "వె..." అంది కరాకం నోరు, చిలక గొంతుతో. తాయ్ కళ్ళు మూసుకున్నాడు. ఆల్మా అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఒక పూట!"

"ఒక పూట! ఒక పూట!" అంది కరాకం నోరు మళ్ళీ. అవ్వ తాడు వదిలేసింది.

"కాదు!" అని లేచాడు కరాకం. "మళ్ళీ అడగండి!"

"తాడు ఒకసారే అడుగుతుంది" అంది అవ్వ. "ఖాగాన్, నీకు పొద్దుగూకేదాకా ఉంది. ఏలుకో."

ఏం ఏలాడు? పొద్దుని ఆగమని ఆజ్ఞ ఇచ్చాడు. అది ఆగలేదు. తాయ్ కోటు విప్పి చిలకని చూపిస్తే, అది నాదన్నాడు. అరిచాడు, బతిమాలాడు, ఆ వాదనలోనే పూట గడిచిపోయింది. పొద్దు గడ్డిలోకి దిగగానే అవ్వ జాతి వైపు తిరిగి, "మళ్ళీనా?" అని అడిగింది. ఒక్కరూ పలకలేదు.

కరాకం కంబళి దిగలేదు. అందర్నీ రాళ్ళు చేద్దామని చెయ్యెత్తి మంత్రం అందుకున్నాడు. కానీ గడువు దాటి కూర్చున్న ఆ క్షణమే వాడి మాట తప్పిపోయింది. నోట్లోంచి దగ్గు వచ్చింది, అంతే.

"జోళ్ళున్నాయిగా, నడు" అంది అవ్వ.

వాడు దిగి నాలుగడుగులు వేసి ఆగాడు. తిరిగి చూస్తే తన ప్రాణం తాయ్ భుజం మీద కూర్చుని గింజ కొరుకుతోంది. "దానికి వరిగలు పెట్టకండి, కడుపునొప్పి చేస్తుంది" అన్నాడు, ఏడుపు గొంతుతో. చివరికి ఆల్మాయే ఏడు మేకలు వాడి చేతికిచ్చి ఉండిపొమ్మంది. మేకలు కాయడం వాడికి బాగానే వచ్చింది. చిలకకి తిండి పెట్టే పని మాత్రం ఇంకెవరికీ వదల్లేదు. ఎందుకో చెప్పక్కర్లేదుగా!

మర్నాడు ఉదయం మళ్ళీ కంబళి పరిచారు.

"నాకొద్దు, రాయిగా నిలబడి నిలబడి మెడ పట్టేసింది" అన్నాడు అర్స్లాన్. "నాకూ అంతే" అన్నాడు బార్స్. అందరూ తాయ్ వైపు చూశారు.

"నలభై ఏళ్ళని చెప్పు" అంది ఆల్మా చెవిలో. "ఖాగాన్‌వి అయితేనే నిన్ను చేసుకుంటాననడం లేదు. అయినా నలభై అను. గుర్తుపెట్టుకో."

"నలభై, నలభై" అనుకుంటూ తాయ్ కంబళి ఎక్కాడు. తొమ్మిది చుట్లు తిప్పారు. తాడు బిగించారు. ఆకాశం నల్లబడింది, గడ్డి అలలు తలలోకి వచ్చేశాయి, ఏడు సముద్రాలూ ఒకదానిమీద ఒకటి కదిలాయి.

"ఎన్నాళ్ళు ఏలతావు నాయనా?"

"ఒక పూట!" అన్నాడు తాయ్.

ఏడు సముద్రాల పొడుగునా పగలూ రాత్రీ అన్న మాట కదా, అదే వచ్చింది. ఆల్మా నెత్తి కొట్టుకుంది. భుజం మీద చిలక ఎంతో సంతోషంగా "ఒక పూట!" అంది.

"అయ్యో వెర్రి గుర్రప్పిల్లా" అంది అవ్వ. "సరే, పొద్దుగూకేదాకా ఉంది. ఏలుకో."

తాయ్ కంబళి దిగి చుట్టూ చూశాడు. ఉన్నది ఒక్క పూట. ఎండిన పచ్చికలో ఎవరి గుర్రాలు ఎక్కడ మేయాలో అప్పుడే పంచేశాడు. రెండేళ్ళుగా నీటి రేవు కోసం కొట్టుకుంటున్న రెండు కుటుంబాల్ని ఒకే కప్పులో తాగించి రాజీ చేశాడు. ఒకామె తప్పిపోయిన గుర్రం గురించి చెప్పబోతే, రేపు చూద్దాం అనడానికి అతనికి రేపు లేదు. స్వయంగా వెళ్ళి తోలుకొచ్చాడు. మధ్యలో ఆల్మాని పెళ్ళి చేసుకున్నాడు. పెళ్ళికూతురు ఒక చేత్తో ఆపిల్ తింటూనే రెండో చేత్తో అతని పెళ్ళికోటు బొత్తాములు పెట్టింది.

పొద్దుగూకింది. అవ్వ జాతి వైపు తిరిగింది. "మళ్ళీనా?"

"మళ్ళీ!" అని అరిచారు, గుర్రాలు బెదిరేలా.

మళ్ళీ కంబళి, మళ్ళీ తాడు. తాయ్ ఈసారి నలభై అనే అందామనుకున్నాడు. "ఒక పూట" అన్నాడు. ఉదయం మళ్ళీ, సాయంత్రం మళ్ళీ. ఏడాది తిరిగేసరికి మోసే నలుగురికీ నడుములు పడిపోయి, తొమ్మిది చుట్లని ఒక చుట్టు చేశారు. తర్వాత తాడుని ఊరికే మెడ మీద ఆనించేవాళ్ళు. అవ్వ తర్వాత ఆ తాడు ఆల్మా చేతికొచ్చింది. కానీ ప్రశ్న మాత్రం ఏ పూటా మానలేదు. జవాబూ మారలేదు. జాతి కూడా ఒక్క పూట "వద్దు" అనలేదు.

అలా పూటకి పూట, పూటకి పూట తాయ్ ఏలినకాలం నలభై ఏళ్ళు. ఆల్మా కోరుకున్నదీ అదే కాబట్టి, ఆవిడ కూడా ఇంకేం అనలేదు.

కథ గడ్డిలోకి, గాలి గుడారంలోకి, మనం బువ్వ దగ్గరికి. లేవండి, చేతులు కడుక్కోండి.